ఎదకాలంలో జింక కోసం ఎక్కడ కూర్చోవాలి: కృష్ణ ఒడ్డు నుంచి ఫరహాబాద్ దాకా

ఉగాది వెళ్లిన వారానికి పాలమూరు, నల్లగొండ వైపు మెట్టపొలాలు బోసిపోతాయి. శనగ, జొన్న కోతలు అయిపోతాయి. అడవిలో ఆకు రాలిపోయి, ఇప్పపూలు రాలడం మొదలవుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇటు కృష్ణ ఒడ్డున కృష్ణజింకలకు, అటు నల్లమలలో చుక్కల దుప్పులకు ఎద ఊపందుకుంటుంది. మిగతా కాలమంతా మనిషి అలికిడి వింటే చాలు మాయమయ్యే పోతు (మగది) ఈ వారాల్లో తనంతట తానే బయటికొస్తుంది, అరుస్తుంది, పోట్లాడుతుంది. పాతకాలం షికారీలు ఈ రోజుల కోసం కాచుకుని ఉండేవాళ్లు. మా పెదనాన్న వాళ్లలో ఒకరు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, ఆ తర్వాత ఆయన తుపాకీ పట్టలేదు. కానీ ఎక్కడ కూర్చోవాలి, ఎటు మొహం పెట్టి కూర్చోవాలి అన్న విద్య మాత్రం మాకు చెప్పి పోయారు. దాన్ని నేను కెమెరాకు వాడుకుంటున్నాను.

"మెకాన్ని ఎతకకు బిడ్డా, దానికి ఏం కావాల్నో అది ఎతుకు" అనేవారు ఆయన. ఎదకాలంలో పోతుకు కావలసింది పెంటి (ఆడది), పెంటికి కావలసింది మేత, నీళ్లు. ఇంతవరకు తేలికే. కానీ కృష్ణజింక పోతు ఒకచోట పాతుకుపోయి పెంటి రాక కోసం చూస్తుంది. దుప్పి పోతు ఒకచోట నిలవకుండా పెంటి కోసం తిరుగుతుంది. ఒకదానికి పనికొచ్చే చోటు రెండోదానికి పనికిరాదు. ఆ తేడా పట్టుకుంటే సగం పని అయినట్టే. ఈసారి రెండింటినీ ఒకే ప్రయాణంలో చూడాలని బయల్దేరాను.

శనివారం

హైదరాబాద్ నుంచి జడ్చర్ల, మహబూబ్‌నగర్, దేవరకద్ర, మరికల్ మీదుగా మక్తల్ చేరాను. మా బావ అక్కడ సర్కారు బడిలో సారు. మధ్యాహ్నం జొన్నరొట్టె, పుంటికూర పప్పు తిని, ఎండ కాస్త వంగాక ఆయన బైకు మీద మాగనూరు దాటి కృష్ణ మండలం వైపు వెళ్లాం. భీమా నది వచ్చి కృష్ణలో కలిసే తంగిడి ఈ మండలంలోనే ఉంది. కృష్ణ తెలంగాణలో అడుగుపెట్టేది ఇక్కడే.

ఈ నేలంతా నల్లరేగడి. చెట్టూ చేమా తక్కువ. ఎటు చూసినా చూపు చాలా దూరం పోతుంది. కృష్ణజింకకు నచ్చేది ఇదే. దానికి దాక్కోవడం అలవాటు లేదు. కళ్లను, కాళ్లను నమ్ముకున్న జంతువు అది. గంటకు 80 కిలోమీటర్ల దాకా ఉరికే జీవి పొదల్లో ఎందుకు దూరుతుంది? అడవి చిక్కగా ఉన్నచోట దాన్ని వెతకడం దండగ.

ఎక్కడ కూర్చోవాలన్న దగ్గర బావకూ నాకూ మాట కలవలేదు. నది ఒడ్డున మోటార్ల కింద యాసంగి వరి పచ్చగా ఉంది. రాత్రిపూట జింకలు వచ్చేది వరిలోకే కాబట్టి దాని గట్టు మీదే కూర్చోవాలని బావ పట్టు. ఆయన అన్నది నిజమే. కానీ వరిలోకి వచ్చేది మేత కోసం. తెల్లారేసరికి మంద అక్కడ్నుంచి కదిలి, మనుషులు తక్కువగా తిరిగే బీడు మీదికి పోతుంది. పోతు తన జాగా ఏర్పరచుకునేది మేత దొరికే చోట కాదు, పెంటులు రోజూ నడిచే దారికి పక్కన, నాలుగు వైపులా కనిపించే చోట. అందుకని వరిని వదిలేసి, వరికీ శనగ కోసిన చేలకూ మధ్య ఉన్న బీడు వైపు నడిచాం.

బీడులో ఐదు నిమిషాలు నడవగానే నాకు కావలసింది దొరికింది. నేల మీద పరాత వెడల్పున పెంటికల కుప్ప. అడుగున ఉన్నవి ఎండకు తెల్లబారి, వేలితో నొక్కితే పొడి అవుతున్నాయి. వాటి మీద గోధుమరంగువి. అన్నింటి మీద ఆ ఉదయం వేసినవి, నల్లగా నిగనిగలాడుతూ ఉన్నాయి. మంద మేస్తూ వేసే పెంటికలు చెల్లాచెదురుగా పడతాయి. ఇలా ఒకేచోట రోజుల తరబడి పోగుపడ్డాయంటే ఒక పోతు ఈ జాగా తనదని చాటుతోందన్నమాట. పక్కనే మోకాలెత్తు తుమ్మమొక్క ఉంది. దాని కొమ్మ చివర, ముల్లు మొదట్లో, నల్లటి బంక లాంటిది ఎండి అంటుకుని ఉంది. కంటి ముందు ఉండే గ్రంథిని కొమ్మకు రాసి పోతు పెట్టే గుర్తు అది. వంగి వాసన చూశాను, మనిషి ముక్కుకు పెద్దగా అందదు. కానీ అటుగా వచ్చే ఇంకో పోతుకు అది చాలు.

కుప్పకు పడమట కాస్త ఎత్తుగా పొలం గట్టు ఉంది. పొద్దున్నే ఎండ నా ముందు నుంచి వస్తుంది, ఫొటోకు అది కొంచెం ఇబ్బంది. కానీ గాలి తూర్పు నుంచి పడమటికి వీస్తోందని, నాలుగు రోజులుగా అంతేనని అక్కడ మేకలు కాస్తున్న పెద్దాయన చెప్పారు. వెలుతురు, గాలి రెండూ కలిసిరాకపోతే గాలినే లెక్కచేయాలి. గట్టు వెనక చోటు ఖాయం చేసుకుని ఇంటికి తిరిగొచ్చాం.

ఆదివారం

చీకటితోనే వచ్చి గట్టు వెనక బోర్లా పడుకున్నాం. బావ వాళ్ల బడి కబుర్లన్నీ దారిలోనే అయిపోగొట్టారు, గట్టు దగ్గర నోరు మెదపలేదు. అలాంటి తోడు దొరకడం అదృష్టం.

వెలుగు రేకలు విచ్చుకునేసరికి పోతు కుప్ప దగ్గరే ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. వీపు, మెడ ముదురు రంగుకు తిరిగాయి. పొట్ట కింద, కళ్ల చుట్టూ తెలుపు. మెలితిరిగిన కొమ్ములు. కృష్ణజింకను మనం జింక అంటాం గానీ అది దుప్పి జాతిది కాదు. దుప్పి కొమ్ములు ఏటా రాలి మళ్లీ మొలుస్తాయి. కృష్ణజింక కొమ్ములు పుట్టాక చచ్చేదాకా ఉంటాయి. అందుకే కృష్ణజింక పోతు ఎదలో ఉందో లేదో కొమ్ములను బట్టి చెప్పలేం, నడకను బట్టే చెప్పాలి.

ఆ నడక చూడాలి. వరి వైపు నుంచి పదీపన్నెండు పెంటులు వరసగా వస్తుంటే పోతు తల వెనక్కి వాల్చింది, కొమ్ములు దాదాపు వీపుకు ఆనాయి. ముక్కు ఆకాశం వైపు, చెవులు కిందికి వాలి, తోక పైకి మడిచి, ముందుకాళ్లు ఎత్తెత్తి వేస్తూ మంద చుట్టూ తిరిగింది. కంటి ముందు గ్రంథి విచ్చుకుని నల్లటి గంటులా కనిపించింది. గొంతులోంచి గురగురమని చప్పుడు. పెంటులు దాన్ని పట్టించుకోనట్టే గడ్డి కొరుకుతూ సాగాయి. ఒకటి మాత్రం ఆగింది. పోతు దాని వెనక చేరి మోకాలు తాకేంత దగ్గరగా నడిచింది.

అంతలో ఉత్తరం నుంచి ఇంకో పోతు వచ్చింది. దాని ఒంటిరంగు ఇంకా గోధుమగానే ఉంది, వయసులో చిన్నది. సరిహద్దు అనుకునే చోట రెండూ ఎదురెదురుగా నిలబడ్డాయి. ఒక్కసారి కొమ్ములు తగిలిన చప్పుడు, రెండు కట్టెలు కొట్టుకున్నట్టు. చిన్నది వెనుదిరిగింది. పెద్దది దాన్ని కొంతదూరం తరిమి, ఆగి, తిరిగి కుప్ప దగ్గరికే వచ్చింది. మందలోని పెంటులు అప్పటికే తూర్పు బీడులోకి దాటిపోయాయి. అయినా వాటి వెంట పోలేదు. చుక్కల దుప్పి పోతు అయితే ఆ మందను వదిలేది కాదు. కృష్ణజింక పోతుకు పెంటికన్నా ముందు జాగా ముఖ్యం. జాగా ఉంటే పెంటి రేపు మళ్లీ వస్తుంది. అందుకే దీన్ని చూడాలంటే మంద వెంట పరుగులు పెట్టకూడదు, పెంటికల కుప్పను ఎంచుకుని అక్కడే ఉండాలి.

ఎనిమిదింటికి ఎండ చురుక్కుమనడంతో లేచాం. చేను యజమాని ఎదురొచ్చాడు. బావకు తెలిసినాయనే.

"సారూ, ఇవి ఎండాకాలం ఇట్ల బీట్ల ఉంటే మాకేం బాధ లేదు. వానలు వడి పత్తి మొలిచి రెండాకులు రాంగనే కొరుకుతయి. మళ్ల ఇత్తనం వెట్టాలె. అది మొలిస్తె మళ్ల కొరుకుతయి. ఎన్నిసార్లని వెట్టాలె?"

నా దగ్గర జవాబు లేదు. చేను చుట్టూ ఆయన పాత చీరలు కట్టాడు. గాలికి అవి రెపరెపలాడుతుంటే కొన్నాళ్లు బెదురుతాయట, తర్వాత అలవాటు పడతాయట. రాత్రిళ్లు మంచె మీద పడుకుని డబ్బా కొడతాడు. కంది, పల్లి, జొన్న దేన్నీ వదలవు. ఈ ప్రాంతంలో కృష్ణజింకల మందలు పెరిగాయని సంతోషించే నాలాంటివాళ్లం ఈ రైతు పేరు కూడా అదే ఊపిరిలో తలచుకోవాలి. వాటిని ఇంతకాలం మేపింది ఆయన చేనే. నష్టపరిహారం కాగితాల మీద కాకుండా పంటకాలంలోనే చేతికి అందాలి. అది న్యాయమైన మాట, నేను గట్టిగానే చెప్తాను.

అంతే గట్టిగా ఇంకో మాటా చెప్పాలి. కొందరు చేను చుట్టూ కరెంటు తీగ పరుస్తారు. పందుల కోసం అంటారు గానీ తీగకు పంది, జింక, పశువు, మనిషి అన్న తేడా తెలియదు. రాత్రి నీళ్లు కట్టడానికి పోయిన రైతులే ఆ తీగలకు బలైన ఊళ్లు ఉన్నాయి. ఇక కావాలని కృష్ణజింకను చంపినవాడికి చట్టం 3 నుంచి 7 ఏళ్ల జైలు అంటోంది. ఎదలో ఉన్న పోతును కొట్టడం చాలా తేలిక, అది మనిషిని చూసినా జాగా వదలదు కాబట్టి. అందుకే ఈ వారాల్లో నిఘా ఎక్కువ ఉండాలి.

మధ్యాహ్నం ముడుమాల్ వెళ్లి నిలువురాళ్లు చూశాం. 10 నుంచి 14 అడుగుల ఎత్తున్న బండలు, వేల ఏళ్ల కింద ఎవరో వరసగా నిలబెట్టినవి. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకు ఎక్కాయి. ఎండ మండిపోతోంది, ఎక్కువసేపు నిలవలేకపోయాం.

సోమవారం

ప్రయాణమే. మక్తల్ నుంచి వెనక్కి జడ్చర్ల, అక్కడ్నుంచి కల్వకుర్తి మీదుగా శ్రీశైలం రోడ్డు ఎక్కి, హాజీపూర్ దాటి మన్ననూరు. బావకు బడి ఉంది కాబట్టి ఇక్కడ్నుంచి నేనొక్కణ్ణే. మన్ననూరు చెక్‌పోస్టు గేటు రాత్రి తొమ్మిదికి మూస్తే మళ్లీ పొద్దున ఆరింటికే తీస్తారు. ఆలస్యంగా బయల్దేరేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. అటవీశాఖ కాటేజీ, సఫారీ ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకున్నాను.

మంగళవారం

అమ్రాబాద్ పులుల అభయారణ్యం నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో విస్తరించి ఉంది. రాష్ట్రం విడిపోకముందు ఇది నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో భాగం. 2014 తర్వాత కృష్ణకు ఇవతలి అడవి అమ్రాబాద్ అయింది. ఉమ్మడి రాష్ట్రానికి కృష్ణజింక రాష్ట్ర జంతువు. తెలంగాణ వచ్చాక మనం చుక్కల జింకను, అంటే ఈ చుక్కల దుప్పినే, ఎంచుకున్నాం. నల్లమలలో పులికి, చిరుతకు, రేచుకుక్కలకు ప్రధానమైన ఆహారం అదే. దుప్పి బాగుంటేనే పులి బాగుంటుంది.

ఈ అభయారణ్యంలోని ఫరహాబాద్ గేటు దగ్గర మా జీపులో గైడ్‌గా ఎక్కిన యువకుడు చెంచు. ఇక్కడి పెంటల్లోనే, అంటే చెంచుల గూడేల్లోనే, పుట్టి పెరిగాడు. జీపు దిగడానికి వీల్లేదు, అది రూలు. కాబట్టి మన చేతిలో ఉన్నది ఒక్కటే: జీపు ఎక్కడ ఆపించుకోవాలి, ఎంతసేపు ఆపించుకోవాలి. చాలామంది వ్యూ పాయింట్ దాకా పరుగున పోయి, సెల్ఫీలు దిగి, పులి కనిపించలేదని తిరిగొచ్చేస్తారు. పీఠభూమి అంచు నుంచి కింద లోయలు, చెరువులు చాలా అందంగా ఉంటాయి, కాదనను. కానీ ఎదలో ఉన్న దుప్పిని చూడాలంటే ఆ తొందర పనికిరాదు.

"తమ్మీ, పెంటులు ఎక్కడ ఎక్కువ ఉన్నయి?" అని అడిగాను.

అతను వెంటనే చెప్పలేదు. "సార్, పోతులు చూస్తమంటరు అందరు. మీరు పెంటులు అడుగుతున్నరు" అని నవ్వి, మూడు చోట్లు చెప్పాడు. ఒకటి గడ్డిమైదానం. పొద్దున మంద అక్కడ ఉంటుంది గానీ గడ్డి అప్పటికే ఎండి పసుపుపచ్చగా మారింది, ఎండ పొడిచేసరికి లేచిపోతాయి. రెండోది వాగు మలుపు. చెలమలో నీళ్లున్నాయి, కానీ చుట్టూ పొదలు చిక్కగా ఉన్నాయి. చిరుత మాటు వేసే చోట దుప్పులు గబగబా తాగి పోతాయే గానీ నిలవవు. మూడోది సాసర్ పిట్. వేసవిలో అటవీశాఖ ట్యాంకర్‌తో నీళ్లు నింపే సిమెంటు తొట్టి. దాని చుట్టూ మరీ చిక్కగానూ, మరీ బోసిగానూ కాకుండా అడవి. దగ్గర్లో ఇప్పచెట్లు, రాలిన పూలు. పక్కన పెద్ద నల్లమద్ది, దాని మీద కొండముచ్చులు.

మూడోదే ఎంచుకున్నాను. మేత, నీళ్లు, నీడ, కాపలా నాలుగూ పిలుపు దూరంలో ఉన్న చోటు వేసవిలో ఎక్కడపడితే అక్కడ దొరకదు. కొండముచ్చులు కాపలా ఎలా అంటే, అవి పైనుంచి పులినో చిరుతనో ముందుగా చూసి కేకేస్తాయి. దుప్పులు వాసనతో పసిగట్టి కింద్నుంచి అరుస్తాయి. అదీగాక కొండముచ్చులు తిండి తినే పద్ధతి శుభ్రమైనది కాదు, సగం కొరికి పడేస్తాయి. ఆ చిగుళ్లు, పూలు, కాయలు కింద దుప్పులకు అందుతాయి. ఆకురాలే కాలంలో చెట్టు మీది మేత కిందికి వచ్చే దారుల్లో ఇదొకటి.

గాలి సంగతి ఆ తమ్ముడే చూశాడు. జీపు అంచు మీది దుమ్ము చిటికెడు తీసి వదిలాడు. పొద్దున్నే చల్లగాలి వాలు మీదినుంచి కిందికి దిగుతుంది. ఎండ ఎక్కాక అదే గాలి వాలు మీదికి ఎగబాకుతుంది. "ఇప్పుడు తొట్టికి దిగువన ఉందం సార్. తొమ్మిది దాటితే మీది మలుపుకు పోవాలె" అన్నాడు. డ్రైవరు ఇంజన్ ఆపేశాడు.

ముందుగా వినిపించింది అరుపు. గొంతు చించుకున్నట్టు, బొంగురుగా, లోతుగా, రెండు మూడు సార్లు. మొదటిసారి విన్నవాళ్లకు అంత అందమైన జంతువు గొంతులోంచి ఆ మోటు అరుపు వస్తుందంటే నమ్మకం కుదరదు. మొదట వాగు వైపు నుంచి, కాసేపటికి గుట్ట వాలు నుంచి, తర్వాత మాకు ఎడమ పక్క నుంచి. అరిచేది ఒకటే పోతు. చోటు మారుతోంది. వాసన ఎటుంటే అటు పోతుంది, మందలో ప్రతి పెంటినీ పరీక్షిస్తుంది, ఎదకు వచ్చినది లేకపోతే ఇంకో మందకు కదులుతుంది. దీని అరుపు పట్టుకుని వెంటపడితే మీరు చేరేసరికి అది అక్కడ ఉండదు. పెంటులు ఉన్న నీళ్ల దగ్గర కదలకుండా ఉంటే అదే వస్తుంది.

వచ్చింది. ఎనిమిదిన్నర ప్రాంతంలో పెంటులు, పిల్లలు తొట్టి చుట్టూ చేరాక, ఇప్పచెట్ల వెనక్నుంచి నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చింది. మెడ ఉబ్బి మామూలుకన్నా మందంగా ఉంది. ఒక్కో కొమ్ముకు మూడేసి శాఖలు, చెట్టు బెరడుకు రాసి రాసి కొమ్ము అంతా ముదురు గోధుమరంగు తిరిగితే, కొనలు మాత్రం దంతంలా తెల్లగా ఉన్నాయి. ఎడమ కొమ్ము మొదట్లో ఎండిన గడ్డిపోచలు చుట్టుకుని వేలాడుతున్నాయి. నేలను, పొదలను కొమ్ములతో కుమ్మి వచ్చిందన్నమాట. ఒక పెంటి మూత్రం పోసిన చోట ముక్కు పెట్టి, తల పైకెత్తి, పైపెదవి వెనక్కి ముడిచి అలాగే నిలబడింది. ఎద వాసన పసిగట్టే పద్ధతి అది.

అదే తొట్టి దగ్గర ఇంకో రెండు పోతులు ఉన్నాయి. వాటి కొమ్ముల మీద ఇంకా మెత్తటి నూగు చర్మం ఉంది. పెద్దది రాగానే అవి తల దించి పక్కకు తప్పుకున్నాయి. చలిదేశాల దుప్పుల మాదిరి మన దుప్పులన్నీ ఒకే నెలలో కొమ్ములు రాల్చవు. ఏ నెలలో చూసినా కొన్ని నూగుకొమ్ములతో, కొన్ని గట్టికొమ్ములతో ఉంటాయి. కాకపోతే వేసవిలో గట్టికొమ్ములవి ఎక్కువ. అందుకే పోరాటాలూ ఇప్పుడే ఎక్కువ. ఈ రోజుల్లో కట్టిన పెంటి ఏడున్నర, ఎనిమిది నెలలు మోసి చలికాలంలో ఈనుతుంది.

బుధవారం

సాయంత్రం సఫారీ కూడా అదే తొట్టికి తీసుకెళ్లమన్నాను. కొత్తచోటు చూపిస్తానని డ్రైవరు అన్నాడు, వద్దన్నాను. నిన్నటి పోతు తిరిగి ఇటే వస్తుందని నమ్మకం లేదు, కానీ పెంటులు వస్తాయి. వాటి కోసం ఏదో ఒక పోతు వస్తుంది.

దారిలో పాత షికార్‌ఘర్ శిథిలాలు కనిపించాయి. నిజాం కాలంలో వేటకు వచ్చినవాళ్లు బస చేసిన చోటు. గోడలు కూలిపోయాయి, మొక్కలు మొలిచాయి. ఆ రోజుల్లో ఇక్కడ ఎక్కడ మాటు వేయాలో చూపించింది కూడా చెంచులే అయి ఉంటారు. ఈ అడవిని వాళ్లకన్నా తెలిసినవాళ్లు లేరు. ఇవాళ వాళ్ల పిల్లలు గైడ్లుగా, వాచర్లుగా అదే తెలివిని జంతువును కాపాడటానికి వాడుతున్నారు. వాళ్ల ఉద్యోగాలు పక్కాగా ఉండాలని, జీతం నెలనెలా అందాలని కోరుకుంటాను. వేసవిలో మంటలు లేస్తే మొదట చీపురుకొమ్మ పట్టుకుని పరుగెత్తేది వాళ్లే.

ఐదున్నరకు రెండు గట్టికొమ్ముల పోతులు తొట్టికి రెండు వైపుల నుంచి వచ్చాయి. వెంటనే కలబడలేదు. పక్కపక్కన, తల కాస్త పక్కకు తిప్పుకుని, మెడ బిగించి, అడుగు వెనక అడుగు వేస్తూ చాలాసేపు నడిచాయి. ఒంటి వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఎవరు పెద్దో చూపుతోనే తేలిపోతే పోరాటం అక్కర్లేదు. ఇక్కడ తేలలేదు. ఒకటి ముందుకాలితో నేలను గీరింది. తర్వాత తలలు దించి కొమ్ములు మెలివేసుకున్నాయి. దుమ్ము లేచింది. వెనక్కి నెట్టడం, నిలదొక్కుకోవడం, మళ్లీ నెట్టడం. గట్టిగా నిమిషం కూడా పట్టి ఉండదు. మోకాళ్ల మీద పడిన పోతు లేచి అడవిలోకి ఉరికింది. గెలిచింది వెంటపడలేదు, నీళ్లు తాగింది.

పెంటులు పోరాటమంతా చూశాయో లేదో గానీ ఉన్నట్టుండి ఒకటి ముందుకాలు నేలకేసి కొట్టి, కీచుమని అరిచింది. పైన కొండముచ్చు ఖకర్ ఖకర్‌మంది. క్షణంలో తొట్టి చుట్టూ ఏమీ లేదు. గైడ్ వాగు వైపు చూపించాడు. మాకేమీ కనిపించలేదు. "ఉన్నది సార్" అన్నాడు అతను, అంతే. చీకటి పడేలోపు గేటు దాటాలి కాబట్టి బయల్దేరాం.

గురువారం

మన్ననూరు నుంచి డిండి, దేవరకొండ, చందంపేట మీదుగా నేరెడుగొమ్ము వైపు వెళ్లాను. నల్లగొండ జిల్లా వైపు అభయారణ్యం ఇక్కడ మొదలవుతుంది. గుట్టలు, ముళ్లపొదలు, మధ్యలో పత్తిచేలు. పక్కన సాగర్ వెనక జలాలు. వేసవిలో నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు తేలిన ఒండ్రు మీద పచ్చగడ్డి మొలుస్తుంది. చుట్టూ అంతా ఎండిన కాలంలో ఆ పచ్చదనం కోసం దుప్పులు దిగుతాయి. మేత, నీళ్లు రెండూ ఒకేచోట ఉన్నాయి కదా, మంచి చోటే అనిపించాలి.

కానీ ఇక్కడ దుప్పి బెదురు వేరు. ఒడ్డు మీద అడుగుజాడలన్నీ రాత్రివే, మట్టి అంచులు పదునుగా, గిట్టలు లోతుగా దిగి, పరుగున వచ్చి పరుగున పోయినట్టు ఉన్నాయి. వైజాగ్ కాలనీలో ఒక చేపలాయన, ఆయన పెద్దవాళ్లు విశాఖ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్లు, అవతలి గుట్ట కింద పొద్దుగూకాక దుప్పులు దిగుతాయని, అరుపులు పడవలోకి వినిపిస్తాయని చెప్పాడు. "పగలు కనపడవండి. ఉచ్చులేసేవాళ్లున్నారు కదా" అన్నాడు. అడవి అంచున ఒకచోట బండి క్లచ్ వైరుతో వేసిన ఉచ్చు నేనూ చూశాను, పొదకు రెండు పక్కల కొమ్మలు విరిచి, దుప్పి ఆ సందులోంచే పోయేలా దారి మళ్లించారు. వేసినవాడికి దుప్పి నడక బాగా తెలుసు. ఎదలో ఉన్న పోతు తల దించుకుని పెంటి వాసన పట్టుకుని పోతుంది, అలాంటి సందుల్లో చాలా తేలిగ్గా తగులుకుంటుంది. అటవీశాఖ వాచర్‌కు ఫోన్ చేసి చోటు చెప్పాను. గంటలో ఇద్దరు వచ్చి విప్పి, పంచనామా రాసుకుని తీసుకుపోయారు. చుట్టుపక్కల ఇంకేమైనా ఉన్నాయేమోనని సాయంత్రం దాకా వెతికారు, ఇంకొకటి దొరికింది.

చోటు ఎంచుకునేటప్పుడు మేత, నీళ్లు, గాలి చూసి ఊరుకుంటే సరిపోదు, ఆ జంతువుకు అక్కడ మనిషి వల్ల ఎంత భయం ఉందో కూడా చూడాలి. భయం ఉన్నచోట ఎద కూడా రాత్రిపూటే సాగుతుంది. కాబట్టి దుప్పి కోసం వచ్చేవాళ్లకు నేను ఈ వైపు చెప్పను, ఫరహాబాద్ చెప్తాను. మార్చి చివర్నుంచి మే నడిమి దాకా ఎప్పుడైనా పర్వాలేదు, పౌర్ణమికి అటూ ఇటూ కాకుండా చూసుకుంటే మంచిది. వెన్నెల రాత్రుల్లో అవి రాత్రంతా మేసి పొద్దున త్వరగా నీడకు చేరుతున్నట్టు నాకు అనిపిస్తుంది. కృష్ణజింకకు ఎద వేసవిలోనే కాదు, ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా కూడా ఊపు ఉంటుంది. అయితే అప్పుడు కృష్ణ మండలంలో చేలన్నీ పైర్లతో ఉంటాయి. రైతు అనుమతి లేకుండా గట్టు ఎక్కకూడదు, పైరు తొక్కకూడదు.

కణుజుకు (సాంబర్ దుప్పికి) కాలమే వేరు. నవంబర్, డిసెంబర్ చలిలో ఎదకు వస్తుంది. దానికి గుట్టవాలు, చిక్కటి అడవి కావాలి. పోతు బురదగుంటలో పొర్లి ఒళ్లంతా బురద పూసుకుంటుంది, చెట్టు మొదలుకు రాస్తుంది. కాబట్టి చెట్ల మొదళ్లకు నడుమెత్తున ఎండిన బురద అంటుకుని, బెరడు లేచిపోయిన వాలు కోసం చూడాలి. ఫరహాబాద్ తమ్ముడు అలాంటిది ఒకటి తనకు తెలుసని, కార్తీకం దాటాక రమ్మని చెప్పాడు. జులై నుంచి సెప్టెంబర్ దాకా సఫారీ ఉండదు. మళ్లీ తెరిచాక శని, ఆదివారాలు తొందరగా నిండిపోతాయి. నవంబర్ చివరి వారం, పనిరోజుల్లో బుక్ చేసుకోబోతున్నాను.